పాడ్‌కాస్టులును గ్రంథాలయములును

పిల్లలు చెవులలో చిన్న బొడిపెలవంటివి పెట్టుకొని తమలో తాము నవ్వుకొనుచుండగా జూచి, ఇదియేమి వింతయని యనుకొనినవారు మీలో గొందఱుందురు. వారు వినునది పాటయే కానక్కఱలేదు, పాడ్‌కాస్టు కావచ్చును. ఈ మాట 2004 వ సంవత్సరమున నొక యాంగ్ల పత్రికలో గానవచ్చినది. ఐపాడ్ అను పాటలయంత్రము పేరును, ప్రసారమును దెలుపు మాటను గలిపి దీనిని గూర్చిరి. ఆ యంత్రముల తయారీ 2022 లో నిలిచిపోయినది గాని పేరు మాత్రము నిలిచియున్నది.

రేడియోకును దీనికిని గల భేదమును గృహిణులు వెంటనే గ్రహింపగలరు. రేడియోలో స్త్రీల కార్యక్రమము వచ్చుచుండగా పొయ్యిమీద పాలు పొంగినచో విన్నది సగము, విననిది సగము. పాడ్‌కాస్టు మన తీఱికకై కాచుకొనియుండును. పత్రికకు జందా కట్టినట్లు ఒకసారి కోరుకొనిన జాలును. క్రొత్త భాగము వెలువడినపుడెల్ల మన ఫోనులోనికి వచ్చి చేరును. పెక్కింటికి రొక్కము చెల్లింపనక్కఱలేదు. కూర తఱుగుచు వినవచ్చును, ఆపవచ్చును, వెనుకకు ద్రిప్పి మరల వినవచ్చును.

అయితే ఇద్దఱు మిత్రులు గంటసేపు నవ్వుకొనినదానికిని పాడ్‌కాస్టనియే పేరు. తాలును గింజను వేఱుచేసి చూపువారు కావలెను. పుస్తకముల విషయమున నీ పని గ్రంథాలయములవారిది. ఇందును వారే పూనుకొనవలెనని మా యభిప్రాయము.

ఇతర దేశములలో నేమి జరిగినదో చూడుడు. 2005 లో కెనడాదేశమున మాంట్రియల్ నివాసియగు హ్యూ మెగ్వైర్ అనునాతడు లిబ్రివాక్స్ అను కార్యమును బ్రారంభించెను. స్వామ్యహక్కు తీఱిన పుస్తకములను, జీతము కోరని సామాన్యులు తమ యిండ్లలో గూర్చుండి, అధ్యాయమొకరు చొప్పున చదివి లోకమునకు ఉచితముగా నిచ్చుచున్నారు. అమెరికాలో 2003 లో బుట్టిన స్టోరీకోర్ వారు పరిచితులగు నిద్దఱిని, తల్లీబిడ్డలనుకొందము, సుమారు నలువది నిమిషములు మాటలాడించి, వారి యనుమతితో ఆ సంభాషణను కాంగ్రెస్ గ్రంథాలయమున భద్రపఱతురు.

పుస్తకము పాఠకుని వెదకికొనుచు బోవుట మనకును క్రొత్తగాదు. 1935 లో గుంటూరు మండలమున పాతూరి నాగభూషణముగారు కాలువమీద పడవలోనే గ్రంథాలయమును నడపిరి. పడవ పోజాలని చోటికి గొంతు పోగలదు. శుక్లములతో చూపు మందగించిన ముత్తవలు, అక్షరము నేర్చు భాగ్యము లేకపోయినవారు, బీరువానిండ పుస్తకములున్నను ఏమి చేయగలరు?

ఏమి చదివి వినిపింపవలెనన్న ప్రశ్న గలదు. మన దేశపు చట్టముననుసరించి గ్రంథకర్త జీవితకాలమును, పిమ్మట 60 సంవత్సరములును హక్కు నిలుచును. 1905 లో స్వర్గస్థురాలైన భండారు అచ్చమాంబగారి కథలను, 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను నెవ్వరైనను నిరభ్యంతరముగా జదువవచ్చును. 1978 లో దివంగతురాలైన కనుపర్తి వరలక్ష్మమ్మగారి రచనలకు 2038 తుదివఱకు హక్కుదారుల యనుమతి వలయును. చూపులేక ముద్రితగ్రంథము చదువజాలనివారికై లాభాపేక్ష లేని సంస్థలు చదివి యిచ్చుటకు 2012 నాటి సవరణ వెసులుబాటు కల్పించినది. ఈ సంగతి యెఱిగిన గ్రంథాలయములు మఱికొన్ని యున్న బాగుండును.

చదివి వినిపించుటకంటెను మాకు తొందరగా దోచు పని మఱియొకటి కలదు. 'ఊర్మిళాదేవి నిద్ర' వంటి స్త్రీల పాటలు అచ్చులో దొరకును. అచ్చులో పదములుండును గాని వరుస యుండదు. ఆ వరుస నెఱిగిన ముదుసళ్లు ఏటేట తఱుగుచున్నారు. పుస్తకము పదేండ్ల తరువాత జదువవచ్చును. ఆమె పదేండ్లు కాచుకొనియుండదు. శాఖాగ్రంథాలయమున నెలకొక మధ్యాహ్నము స్త్రీలకై విడిచి, ఒక్కొక్క పెద్దమ్మను బిలిచి పాడించి పట్టియుంచిన నెంత మేలు! పాడినవారి పేరు, ఊరు, తేది, పాట నెవరివద్ద నేర్చెనో పట్టికలో వ్రాసియుంచవలెను. ఇది లేనిచో నూఱు పాటలున్నను వెదకి తీయుట దుర్లభము. పాటల నడుమ అత్తింటి కష్టములును బయటబడును. ఆమె యొప్పుకొనినదే లోకమునకు వినిపింపవలెను; వద్దన్నదానిని తుడిచివేయవలెను. కోడలి యనుమతి, కొడుకు అనుమతి చాలవు.

వ్యయమునకు జంకనక్కఱలేదు. మొదట మంచి ఫోనొకటి, తలుపులు మూయుటకు వీలగు గదియొకటి చాలును. పాట మొదలిడునపుడు పంకా నాపుట మఱవకుడు. దాని రొద ముసలిగొంతును మ్రింగివేయును. ఆమెకు విసనకఱ్ఱతో విసరుట కొక పిల్లను నియమింపవచ్చును. ఆ పిల్లయు పాట వినును.