కాస్త ‘స్టికీ’గా ఉందన్నాడు... అంతే!

యుద్ధంలో తూటాలే కాదు, మాటలూ కొంప ముంచుతాయి. నమ్మకం కుదరకపోతే కొరియా యుద్ధంలో జరిగిన ఈ సంగతి చదవండి.

1951 ఏప్రిల్. ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ గ్లాస్టర్‌షైర్ రెజిమెంట్‌కు చెందిన ఆరొందల పైచిలుకు సైనికులను చైనా సేనలు చుట్టుముట్టాయి. వాళ్ల బ్రిగేడియర్ థామస్ బ్రోడీ ఇంగ్లిష్‌వాడు. ఆయన పైఅధికారి మేజర్ జనరల్ రాబర్ట్ సోల్ అమెరికన్. ‘అక్కడ ఎలా ఉంది?’ అని సోల్ వాకబు చేస్తే, ‘ఎ బిట్ స్టికీ’ అని బదులిచ్చాడట బ్రోడీ.

ఎంతటి కష్టాన్నయినా తగ్గించి చెప్పడం బ్రిటిష్‌వాళ్ల అలవాటు. ఆయన ఉద్దేశం ‘పీకలమీదికి వచ్చింది’ అని. అమెరికన్‌కు అర్థమైంది మాత్రం ‘కాస్త ఇబ్బందే, కాచుకుంటున్నాం’ అని! వెనక్కి వచ్చేయమని వెంటనే చెప్పలేదు. చివరికి తప్పించుకున్నది కొన్ని పదుల మందే. ఐదొందల మందికి పైగా బందీలయ్యారు. ఓటమికి ఆ ఒక్క మాటే కారణం అనలేం కానీ, నుడికారం పొరపాటుగా అర్థమైతే ఏమవుతుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

అంతకుముందు రెండో ప్రపంచయుద్ధంలోనూ ఇలాంటి తమాషా జరిగింది. ఒక పత్రాన్ని ‘టేబుల్’ చేద్దామని బ్రిటిష్ అధికారులు పట్టుబట్టారు. వద్దే వద్దన్నారు అమెరికన్లు. చాలాసేపు వాదించుకున్నాక తెలిసిందేమిటంటే- ఇద్దరూ కోరేది ఒకటే! ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో వెంటనే చర్చకు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టేయడం. తన యుద్ధ జ్ఞాపకాల్లో చర్చిల్ ఈ ముచ్చట రాసుకున్నాడు.

మనకెందుకివన్నీ అంటారా? మన దగ్గర నడిచేది బ్రిటిష్ పద్ధతే. సభలో బిల్లును టేబుల్ చేశారంటే ప్రవేశపెట్టారనే అర్థం. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింటుతో మాట్లాడే కుర్రాడు, ‘లెట్స్ టేబుల్ ఇట్’ అని వినగానే రాత్రంతా మేలుకుని ఆ పని పూర్తిచేస్తే... శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

అమెరికన్ల మాటల్లో బేస్‌బాల్ ఎక్కువ. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అడిగారంటే మైదానం గురించి కాదు, ఉజ్జాయింపు లెక్క చెప్పమని. బ్రిటిష్‌వాళ్లది క్రికెట్. వాన వెలిశాక ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగ్ ఎంత కష్టమో తెలుసుగా? అందుకే చిక్కుల్లో పడ్డవాడు ‘స్టికీ వికెట్’ మీద ఉన్నట్టు.

నుడికారాన్ని మాటకు మాట తర్జుమా చేస్తే తంటాయే. ‘చెవిలో పూలు పెడుతున్నాడు’ అంటే తెలుగు రానివాడు అలంకారం అనుకోడూ! అందుకే ఇంగ్లిష్ నుడికారం కనిపించినప్పుడల్లా దానికి దీటైన తెలుగు పలుకుబడి వెతకండి. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే అమావాస్యకో పున్నానికో. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే నల్లేరు మీద బండి నడక. ఇలా జోడీ కట్టి పిల్లలకు చెబితే రెండు భాషలూ గుర్తుంటాయి. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు! నిఘంటువు చూసేటప్పుడు అది బ్రిటిష్ వాడుకో, అమెరికన్ వాడుకో కూడా గమనించాలి.

అప్పటికీ అనుమానం తీరకపోతే, ‘మీ ఉద్దేశం ఇదేనా?’ అని అడిగేయడమే మంచిది. అడగడం నామోషీ కాదు. ఆ రోజు సోల్ మరొక్క ప్రశ్న అడిగి ఉంటే కథ వేరేగా ఉండేదేమో!