దిద్దుబాటు ఎవరికి?

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' కథ 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడింది. నూరేళ్లు దాటినా, తెలుగు కథను గురించి పాఠం చెప్పేచోట దాని ప్రస్తావన రాక మానదు.

అందులోని గోపాలరావు చదువుకున్నవాడు. స్త్రీవిద్య గొప్పతనాన్ని గురించి అర్ధరాత్రివేళ నౌకరుకు సైతం ఉపన్యసించగలవాడు. కాని రాత్రులు సానిపాటలు వింటూ గడుపుతాడు. అతని పుస్తకజ్ఞానం ఇంటి గడప దాటి లోనికి రాలేదు. దానిని లోనికి రప్పించినది భార్య కమలిని వ్రాసిపెట్టిన చిన్న ఉత్తరం. ఆమెకు చదువే రాకపోతే ఆ ఉత్తరమూ లేదు, ఆ దిద్దుబాటూ లేదు.

నేటి చదువరుల పరిస్థితి వేరుగా ఉన్నదా? సాయంకాలం ఆ కథాసారాంశాన్ని తప్పులేకుండా అప్పజెప్పిన కుర్రవాడు, రాత్రి భోజనం ముగించి, అక్క తీస్తుందిలెమ్మని ఎంగిలి కంచం వదలి లేస్తాడు. తరగతిలో స్త్రీవిద్యను గురించి గంటసేపు చెప్పిన మాష్టారు, ఇంట్లో భార్య పత్రిక చేతబట్టగానే కాఫీ అడుగుతారు. గోపాలరావును చూచి ఇరువురూ నవ్వినవారే!

ఓనమాలు దిద్దే పిల్లవాడు గురువు వ్రాసిన అక్షరం మీదనే పదేపదే వ్రాస్తాడు. అప్పుడే చేయి కుదురుతుంది. మంచి కథను చదవడమూ అట్టిదే. రచయిత పేరు, వెలువడిన సంవత్సరం ఉపాధ్యాయుడు అడగవలసినవే. వాటితోపాటు, 'ఈ రాత్రి మీ ఇంట్లో దిద్దవలసినదేమిటి?' అని కూడా అడగాలి. దానికి జవాబు నోటుపుస్తకంలో వ్రాయనక్కరలేదు. కంచం ఎవరు తీశారో ఇంటివారికే తెలుస్తుంది.