చూసే గడ్డి వద్దు, ఆడుకునే గడ్డి కావాలె



బడి ముందర లాన్ వేయాలని ఈ మధ్య మాట నడుస్తున్నది. పట్నం నర్సరీల నుంచి మట్టితో సహా పెళ్లలుగా కోసిన గడ్డి తెచ్చి పరుస్తరట. చుట్టూ తీగ కట్టి "గడ్డిపై నడవరాదు" అని బోర్డు పెడతరట. పచ్చదనం ఎవరికి చేదు? కానీ అది ఎవరి కోసం, ఏ గడ్డి, నీళ్లు ఎక్కడివి అన్న మూడు ప్రశ్నలు ముందుగాల అడగాలె. నా అభిప్రాయం సూటిగా చెప్తున్న. కొన్న గడ్డి వద్దు. ఆటస్థలంల మన గరికను మనమే నాటుకుందాం.

లెక్కల క్లాసులో నేర్చుకున్నదే చూడండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందం నీళ్లు అంటే ఒక లీటరు. ఎండకాలంలో లాన్ పచ్చగ ఉండాలంటే రోజుకు అయిదు మిల్లీమీటర్లయినా కావాలె. పది మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు జాగకు రోజుకు 500 లీటర్లు! ఇరవై లీటర్ల బకెట్లతో 25 బకెట్లు. అంటే పాతికమంది పిల్లల స్నానం నీళ్లు. పైగా ఏప్రిల్ చివర్ల బడి మూస్తే మళ్లా తెరిచేది జూన్ రెండో వారంలో. గడ్డికి నీళ్లు ఎక్కువ కావలసిన రోజుల్లోనే మనం తండాల్లో ఉంటం. అప్పుడు ఎవరు పోయాలె? పాలకుర్తి చెలకల ఎండకు ఆ గడ్డి మాడిపోతది. పెట్టిన పైసలూ దాంతోనే పోతయి.

అసలు ఈ లాన్ ముచ్చట తెల్లదొరల బంగళాలతో, కంటోన్మెంట్లతో మన దేశానికి వచ్చింది. వాళ్ల ఇంగ్లండులో ఏడాది పొడుగునా ఎప్పుడో ఒకప్పుడు జల్లు పడుతనే ఉంటది. అక్కడ గడ్డి దానంతట అదే పచ్చగ ఉంటది. మనకు వాన ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. నీళ్ల కటకట ఉన్నచోట ధనిక దేశాలు కూడా దారి మార్చుకుంటున్నయి. అమెరికాలో నెవాడా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. లాస్ వేగాస్ ప్రాంతంలో ఆఫీసుల ముందర, రోడ్ల పక్కన చూడటానికి మాత్రమే పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు వాడరాదు. పిల్లలు ఆడుకునే గడ్డికి ఆ అడ్డు లేదు. చూసే గడ్డి వేరు, ఆడుకునే గడ్డి వేరు అని వాళ్లు కూడా ఒప్పుకున్నరన్నమాట.

గరిక సంగతి రైతును అడగండి. ఎంత దున్నినా చావదని తిట్టుకుంటడు. చేనుకు అది చేటే, కానీ ఆటస్థలానికి అదే మేలు. నేల మీద తీగలు, నేల లోపల దుంపవేర్లు రెండూ పారి, కణుపు కణుపుకు వేరు పోస్తది. ఎండకాలంలో పైన ఎండిపోతది, నిజమే. లోపల ప్రాణం ఉంటది. తొలకరి పడంగనే మళ్లా చిగురిస్తది. చిన్న తరగతుల పిల్లలు కబడ్డీ ఆడి మోకాళ్లు చెక్కుకుపోయి వస్తున్నరు. దుమ్ము కళ్లల్ల పడుతున్నది. వాళ్లకు కావలసింది ఈ మెత్తటి నేల.

ఎట్ల నాటాలె? ఎండకాలం ముందే జానెడు లోతు తవ్వి ఎండబెట్టాలె. తుంగ గడ్డలు, వయ్యారిభామ మొక్కలు వేళ్లతో ఏరేయాలె. మాగిన పెంట ఎరువు కలిపి, వాన నీరు నిలవకుండ చదును చేయాలె. ఆరుద్ర కార్తె వానలకు రెండు మూడు కణుపులున్న తీగలు బెత్తెడు దూరంల గుచ్చి తొక్కాలె. నూరు చదరపు మీటర్లకు పదివేల తీగలు. రెండు వందల మంది తలా యాభై నాటితే అయిపాయె! ఇంకో పద్ధతి కూడా ఉంది. గరికను ముక్కలు చేసి, పేడ, మట్టి కలిపి, వాకిలి అలికినట్టు నేల మీద పరచడం.

విత్తనం చల్లొచ్చు గదా అంటరేమో. తీజ్ పండుగకు మా తండాల్లో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు. ఆ నారు ఎంత ఒత్తుగ వస్తదో మీకు తెలుసు. కానీ గరిక విత్తు ఆవగింజ కన్నా చిన్నది. ఇసుకలో కలిపి చల్లాలె. మూడు నాలుగు వారాలు తడి ఆరకుండ చూడాలె. ఒక్క పెద్ద వాన వస్తే కొట్టుకపోతది. తీగలైతే బడి చుట్టూ ఉన్నయి, ఖర్చు లేదు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలె. వేపచెట్టు నీడల గరిక రాదు, అక్కడ తంటాలు పడొద్దు. రోజూ నడిచే తోవ గట్టిపడితే గడ్డి నిలవదు, అక్కడ రాళ్లు పరచాలె. కూరగాయల మడిలోకి పాకకుండ మధ్యన ఇటుకలు పాతాలె. నాటిన రెండు నెలలు ఆటలు ఇంకో మూలకు మార్చుకోవాలె. ఆ తర్వాత బోర్డు వద్దు, తీగ వద్దు.

సార్లకు, మేడములకు ఒక మనవి. ఈ పని ఎవరికీ శిక్షగా పెట్టకండి, చదువు గంటల్లో పెట్టకండి. ఆదివారం పూట అందరం కలిసి చేస్తం. వచ్చే పోయే పెద్దలు చూసి మెచ్చుకోవాలని పరిచే గడ్డి పైన పటారం, లోన లొటారం అయితది. పిల్లలు పడ్డా దెబ్బ తగలని నేల ఉంటే బడికి అంతకన్నా అందం ఏముంటది? మీరేమంటరు? ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా వచ్చే సంచికకు రాయండి.

— పదో తరగతి విద్యార్థిని