ఫ్రీజ్ డ్రయ్యర్ కొనేముందు దాని పోషణను గూర్చి ఆలోచించాలి

పల్నాడు జిల్లా వెల్దుర్తి మండలంలో జనవరి నుంచి ఏప్రిల్ వరకు కల్లాలన్నీ మిరపతో ఎర్రబడి ఉంటాయి. కోసిన పండు కాయలో నూటికి డెబ్బై, డెబ్బై అయిదు పాళ్లు నీరే. దానిని పది, పదకొండు పాళ్లకు దింపే పని అంతా సూర్యుడిదీ, కాయలను తిరగదోసే కూలీలదీ. ఈ రోజుల్లో ఒక్క అకాల వర్షం పడితే తాలు కాయ పెరుగుతుంది, బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ భయంతో ఎగుమతిదారు ముఖం తిప్పుకుంటాడు. ఇంతటి నష్టానికి అలవాటు పడిన రైతుకు, రంగూ వాసనా చెడకుండా నీటిని తీసివేసే యంత్రం ఉందని చెబితే ఆశ కలగడంలో వింత లేదు. అయితే ఆ ఆశను అప్పుగా మార్చేముందు కొన్ని లెక్కలు వేసుకోవాలి.

మొదటి లెక్క చాలా సులభం. నూటికి 75 పాళ్ల నీరున్న పండు మిరప నుంచి పది పాళ్ల తేమ గల ఒక క్వింటాలు ఎండు మిరప రావాలంటే 360 కిలోల పచ్చి సరుకు కావాలి. 260 కిలోల నీరు పోవాలి. ఒక విడతకు పది కిలోల మంచును పట్టగల చిన్న ఫ్రీజ్ డ్రయ్యర్ ఒక్కో విడతకు 30 గంటలు తీసుకుంటుందనుకుంటే, ఆ ఒక్క క్వింటాలుకే 26 విడతలు, అంటే నెల దాటుతుంది. ఎకరాకు 20 క్వింటాళ్ల దిగుబడి అనుకుంటే ఒక ఎకరం కాయ ఆరడానికి 650 రోజులు పడుతుంది. కనుక కల్లం మీది ఎండు మిరపకు ఫ్రీజ్ డ్రయ్యర్ ప్రత్యామ్నాయం కానే కాదు. ఆ సమస్యకు శుభ్రమైన సిమెంటు కల్లం, టార్పాలిన్ పట్టాలు, పాలిథిన్ సోలార్ డ్రయ్యర్లే తగిన సమాధానం. ఈ మాట స్పష్టంగా చెప్పడానికి శాస్త్రవేత్తలు మొహమాట పడకూడదు.

అంతమాత్రాన ఈ యంత్రం పనికిరానిదని కాదు. పచ్చి మిరప ముక్కలు, కరివేపాకు, మునగాకు, పండ్ల ముక్కలు వంటి తక్కువ పరిమాణం, ఎక్కువ ధర గల సరుకులకు అది తగినదే. ప్రయోగశాలల్లో సూక్ష్మజీవుల కల్చర్లను ఏళ్ల తరబడి నిలవ ఉంచేదీ ఈ పద్ధతిలోనే. గుంటూరు జిల్లా దుగ్గిరాల వైపు చూస్తే, సీసీఎల్ సంస్థ ఫ్రీజ్ డ్రైడ్ కాఫీని ఖండాంతరాలకు పంపే స్థాయికి ఎదిగింది. కానీ అటువంటి కర్మాగారానికీ, వెల్దుర్తిలో ఒక మహిళా సంఘం పెట్టుకోదలచిన గదికీ ఉన్న అసలు తేడా యంత్రం పరిమాణంలో లేదు. అక్కడ రాత్రింబవళ్లు కాపలా కాసే మెకానిక్కులు ఉంటారు. ఇక్కడ యంత్రం ఆగితే సరఫరాదారుకు ఫోన్ చేసి ఎదురు చూడడమే మిగులుతుంది. వాయిదా మాత్రం ఎదురు చూడదు.

యంత్రం పనితీరు కొంత తెలిస్తే దాని జబ్బులు సగం తెలిసినట్లే. గడ్డకట్టిన సరుకులోని మంచు ద్రవం కాకుండా నేరుగా ఆవిరి కావాలంటే పీడనం 6.11 మిల్లీబార్ల కంటే బాగా కిందికి దిగాలి. ఆ పీడనాల వద్ద ఒక గ్రాము నీటి ఆవిరి వెయ్యి లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఇంత ఆవిరిని ఏ చిన్న వాక్యూమ్ పంపూ లాగలేదు. లాగేది పంపు కాదు, లోపలి మంచు పట్టే కాయిల్. సరుకు మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంటే దానిపై ఆవిరి పీడనం సుమారు 1 మిల్లీబారు. కాయిల్ మైనస్ 40 డిగ్రీల వద్ద ఉంటే అక్కడ 0.13 మిల్లీబారు. ఈ తేడాయే ఆవిరిని సరుకు నుంచి కాయిల్ మీదికి నడిపిస్తుంది. కాయిల్ మైనస్ 20కి వేడెక్కితే తేడా సున్నా. పంపు ఎంత బాగా తిరుగుతున్నా ఆరుదల ఆగిపోతుంది.

పల్నాడులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మండు వేసవిలో రెంటచింతల పేరు రాష్ట్ర ఉష్ణోగ్రతల పట్టికలో తరచూ పైనే కనిపిస్తుంది. వెల్దుర్తి ఎండ దానికి పెద్దగా తీసిపోదు. కాయిల్‌ను చల్లబరిచే కంప్రెసర్ తాను తీసుకున్న వేడిని గదిలోకే వదలాలి. గది 45 డిగ్రీలుంటే ఆ వేడి పోయే దారి ఇరుకవుతుంది, కంప్రెసర్ ఆయాసపడుతుంది, కాయిల్ నిర్ణీత చలికి చేరదు. దీనికి తోడు మిరప దుమ్ము, పత్తి నూగు బయటి కండెన్సర్ రెక్కల మధ్య దట్టంగా పేరుకుంటాయి. వాక్యూమ్ సరిగా రావడం లేదని పంపును విప్పి, కొత్త సీళ్లు వేసి, డబ్బు పోసిన తరువాత కూడా ఫలితం లేకపోతే, లోపం ఆ రెక్కల మధ్య దుమ్ములోనే ఉండవచ్చు. పంపును ముట్టుకునే ముందు కాయిల్ ఉష్ణోగ్రత చూడాలి. వారానికొకసారి మెత్తని బ్రష్‌తో రెక్కలు దులపడం, కాయలు దంచే చోటికి దూరంగా యంత్రాన్ని ఉంచడం, వేడి గాలి బయటికి పోయే ఫ్యాను అమర్చడం ఖర్చులేని వైద్యం.

కాయిల్ చల్లగానే ఉండి పీడనం దిగకపోతే అప్పుడు కారుడు కోసం వెదకాలి. గదిని ఖాళీగా, పొడిగా ఉంచి, వాక్యూమ్ పట్టించి, పంపు వాల్వు మూసి, నిమిష నిమిషానికి పీడనం రాసుకోవాలి. అది ఒకే వేగంతో పెరుగుతూ పోతే గాలి దూరుతున్నట్లు. కొంత పెరిగి నిలకడగా మారితే ఎక్కడో తేమ మిగిలి ఉన్నట్లు. చాలా సందర్భాల్లో దోషి తలుపు రబ్బరు గ్యాస్కెట్, దానిమీద అంటుకున్న ఒక గింజ లేక ఒక వెంట్రుక. పంపును విడదీసి దాని మూతి మూసి ఒంటరిగా పరీక్షిస్తే పంపు బాగోగులు తేలిపోతాయి. నూనె పాలవలె తెల్లబడితే నీరు కలిసినట్లు. నల్లబడితే కాలం తీరినట్లు. పని మొదలుపెట్టేముందు అరగంట, ముగిసిన తరువాత అరగంట గ్యాస్ బ్యాలస్ట్ వాల్వు తెరచి పంపును నడిపితే నూనెలోని తేమ చాలావరకు బయటికి పోతుంది. నూనె ఖరీదుకు వెనుకాడి పంపును పోగొట్టుకోవడం వివేకం కాదు. ఇక కాయిల్ మీది మంచును కత్తితో గీకే అలవాటు ఎక్కడ కనిపించినా మాన్పించాలి; ఒక్క గీత పడితే గ్యాసంతా పోతుంది.

పీడన మాపకం కూడా మనిషిని మోసగిస్తుంది. పిరానీ మాపకం గాలికి సరిచూసి ఉంటుంది కనుక నీటి ఆవిరిలో అసలు పీడనానికి దాదాపు ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. ఆరుదల పూర్తయ్యేకొద్దీ ఆ అంకె దానంతట అదే దిగుతుంది. దీనిని యంత్రలోపమని భ్రమించి విడత మధ్యలో తలుపు తెరిచేవారికి మిగిలేది మెత్తబడిన సరుకు.

విద్యుత్తు సంగతి వేరే చెప్పాలి. వ్యవసాయ ఫీడర్ పగటిపూట తొమ్మిది గంటల సరఫరాకు ఉద్దేశించినది. ఈ యంత్రానికి ముప్పై గంటల ఎడతెగని విద్యుత్తు కావాలి. నడిమధ్యలో కరెంటు పోతే కాయిల్ మీది మంచు కరుగుతుంది, ఆవిరి వెనక్కి మళ్లి సరుకును తడుపుతుంది. వెనక్కి పీల్చకుండా ఆపే వాల్వు లేని పంపు అయితే నూనె కూడా గదిలోకి వస్తుంది. కరెంటు వచ్చిన వెంటనే కంప్రెసర్‌ను తిప్పరాదు; అయిదు నిమిషాలు ఆగాలి. గృహ లేదా వాణిజ్య లైను, స్టెబిలైజర్, తగిన జనరేటర్ ఈ మూడూ ప్రాజెక్టు వ్యయంలో మొదటినుంచే ఉండాలి.

యంత్రానిది కాని తప్పులూ యంత్రం మీదికి వస్తుంటాయి. మిరప తొక్క మైనం పూత గలది. కాయను చీల్చకుండా పెడితే లోపలి ఆవిరికి దారి దొరకదు. చక్కెర ఎక్కువగా ఉన్న పండ్లను తగినంత గడ్డకట్టించకుండా తొందరపడి షెల్ఫు వేడి పెంచితే ముక్కలు కుంగి జిగురుగా మారతాయి. బాగా ఆరిన సరుకు సైతం స్పాంజి వలె సచ్ఛిద్రం కనుక గాలిలో తేమను క్షణాల్లో పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తగిలి మిరప ఎరుపు నిలవలో వెలిసిపోతుంది. తేమనూ గాలినీ చొరనీయని అల్యూమినియం పొర సంచీ, నత్రజని నింపకం లేకపోతే యంత్రం చేసిన మేలంతా అటకమీదే కరిగిపోతుంది.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకం వ్యక్తిగత యూనిట్ల ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు సబ్సిడీగా ఇస్తుంది. ఇది మంచి ఊతమే. కాని సబ్సిడీ యంత్రాన్ని గుమ్మం దాకా తెస్తుంది. పంపు నూనె, గ్యాస్కెట్లు, గ్యాసు నింపకం, మెకానిక్ ప్రయాణ ఖర్చు లబ్ధిదారు నెత్తినే పడతాయి. ప్రతి ప్రాజెక్టు నివేదికలో మూడేళ్ల నిర్వహణ ఖర్చును విడిగా చూపించాలని బ్యాంకులు పట్టుబట్టడం ఈ లోటును కొంత పూడుస్తుంది. మాచర్ల, నరసరావుపేటల్లో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే యువకులు కొరత లేరు. శీతలీకరణ సగం వారికి ఇప్పటికే తెలుసు. వాక్యూమ్ సగం నేర్పాలి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్, ఆహార విజ్ఞాన కళాశాలలు ఉన్నాయి. పది రోజుల చేతిపని శిక్షణకు ఇంతకంటే తగిన చోటు ఈ ప్రాంతంలో మరొకటి లేదు.

వీటన్నిటికంటే చౌకైనది ఒక నోటు పుస్తకం. ప్రతి విడతకు సరుకు బరువు, గది ఉష్ణోగ్రత, కాయిల్ ఉష్ణోగ్రత, పీడనం పట్టిన సమయం, నూనె మార్చిన తేదీ రాస్తే లోపం రాబోయే ముందే అంకెల్లో కనిపిస్తుంది. నిన్న 20 నిమిషాల్లో దిగిన పీడనం నేడు 40 నిమిషాలు తీసుకుంటే యంత్రం ఏదో చెబుతున్నట్లే.

కొనుగోలు ఒప్పందంలో మరొక్క షరతు చేర్చాలి. యంత్రాన్ని స్వీకరించే పరీక్ష సరఫరాదారు ఏసీ షోరూములో కాక, దానిని అమర్చిన వెల్దుర్తి గదిలోనే, మే నెల మధ్యాహ్నం, నిండు సరుకుతో జరగాలి. ఆ గంటల్లో కాయిల్ మైనస్ 40 డిగ్రీలు నిలబెట్టుకున్న తరువాతే చివరి వాయిదా సొమ్ము చెల్లించాలి.