గోదారి చెప్పి వస్తుంది

యానాం ఫరంపేట తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

2022 జులైని మరిచిపోయారా? భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వచ్చింది. యానాం కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. బియ్యం బస్తాలు అటకెక్కించుకున్నాం. మరి నెలలు నిండిన మనిషిని ఎక్కడికి ఎక్కిస్తాం?

గోదారి చెప్పి వస్తుంది. నొప్పులు చెప్పి రావు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు మన దాకా రావడానికి ఒక రోజు పైనే పడుతుంది. ఆ రోజును పోగొట్టుకోకండి. పేటలో ఎవరికి తొమ్మిదో నెల, ఎవరు పచ్చి బాలింత అన్నది ఏఎన్‌ఎంకీ అంగన్‌వాడీ టీచరుకీ తెలుసు. వాళ్ల వెంట నిలబడండి. మొదటి హెచ్చరిక వినగానే ఆ ఇళ్ల తలుపు తట్టండి. రెండోది వచ్చేలోగా ఆ తల్లులు యానాం ఆసుపత్రిలోనో, కాకినాడ పెద్దాసుపత్రికి దగ్గర్లోని చుట్టాలింట్లోనో ఉండాలి. నీళ్లొచ్చాక పడవ కోసం పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

ఎందుకింత తొందరంటే, కాన్పయ్యాక రక్తం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. “ఇంకా టైముందిలే”, “వర్జ్యం పోనీ” అని ఇంట్లో పెద్దలంటే ఎదురు చెప్పండి. మర్యాదగానే చెప్పండి, కానీ గట్టిగా చెప్పండి.

2023లో ప్రపంచంలో సుమారు 2,60,000 మంది గర్భం, కాన్పు కారణాలతో చనిపోయారని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. పదిమందిలో ఆరుగురు యుద్ధాలతో, అస్థిరతతో నలిగిన దేశాల తల్లులే. అక్కడ ఆసుపత్రి దారిని బాంబులు తెంచుతాయి, ఇక్కడ వరద తెంచుతుంది. నొప్పులు పడుతున్న తల్లికి రెండూ ఒకటే.

ఒకవేళ దారిలోనే కాన్పయితే బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి, తలకూ వీపుకూ గుడ్డ కప్పాలి. గంటలోపు చనుబాలు పట్టించాలి. స్నానం వద్దు. తేనె, పంచదార నీళ్లు అసలే వద్దు. చెల్లెళ్లూ, ఈ సంగతి ఇంటింటికీ చెప్పాల్సింది మీరే.

తమ్ముళ్లూ, 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉంటే మీరు రక్తం ఇవ్వొచ్చు. మీ గ్రూపు, ఫోన్ నంబరు ఈ ఆదివారమే ఏఎన్‌ఎంకి రాసివ్వండి. వరదొస్తే పడవ ఇస్తామని వేటపడవ ఉన్న అన్నయ్యల దగ్గర కూడా అప్పుడే మాట తీసుకోండి. మళ్లీ జులై వచ్చేలోగా ఈ పని పూర్తిచేయండి.