రెండో తుంటి భద్రం!

తుంటి విరిగిన పెద్దావిడకు నరసరావుపేటలో రాడ్డు వేయించి మాచర్ల తీసుకొచ్చారనుకోండి. కుట్లు విప్పారు. వాకర్‌ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. గండం గడిచిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ రాడ్డు విరిగిన చోటును నిలబెట్టిందే తప్ప ఎముకల బలహీనతను తగ్గించలేదు. నడుస్తూ జారిపడినంత మాత్రాన తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయనే అర్థం. తర్వాతి వంతు వెన్నుపూసది కావచ్చు, రెండో తుంటిది కావచ్చు. మొదటి రెండేళ్లలో ఆ ముప్పు మరీ ఎక్కువ.

డిశ్చార్జి రోజునే డాక్టరును అడగండి, 'ఎముక బలానికి మందు ఎప్పుడు మొదలుపెడతారు?' అని. జొలెడ్రోనిక్‌ యాసిడ్‌ను ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. తుంటి ఆపరేషనయిన 90 రోజుల్లోపు దీన్ని మొదలుపెట్టినవారిలో కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అందులో ఈ మందు ఇవ్వనివారికీ కాల్షియం, విటమిన్‌-డి ఇచ్చారు. అంటే ఉత్త కాల్షియం బిళ్లలతో సరిపెట్టుకోవడం చాలదన్నమాట! మందుకు ముందు కిడ్నీల పనితీరు, రక్తంలో కాల్షియం, విటమిన్‌-డి చూస్తారు. పళ్లు పీకించుకునే పని ఉంటే ముందే చెప్పాలి. మొదటిసారి ఎక్కించాక ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. కంగారు పడక్కర్లేదు.

వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్‌ ఉన్న ఊళ్లవారికి ఇంకో చిక్కు. ఫ్లోరోసిస్‌ ఉంటే ఎముక సాంద్రత పరీక్షలో బాగానే కనిపిస్తుంది, విరగడం మాత్రం పెళుసుగా విరుగుతుంది. రిపోర్టు చూసి ధీమా పడకుండా, ఏళ్లుగా ఏ నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పండి.

ఇక పడకుండా చూడటం. మన ఇళ్లలో నాపరాళ్లు తడిస్తే జారుడుబల్లే. స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రి దారిలో చిన్న బల్బు పెట్టించండి. నిద్రమాత్రలు వేసుకుంటున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా డాక్టరుకు చెప్పాలి. కంట్లో శుక్లం ఉంటే వాయిదా వేయొద్దు.

అన్నిటికన్నా చేటు చేసేది ప్రేమే. 'మీరు కదలకండి అత్తయ్యా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం' అంటారు. నెల తిరిగేసరికి తొడకండ కరిగిపోతుంది, మళ్లీ పడటానికి అదే దారి. ఫిజియోథెరపిస్టు సరేనన్నాక, చేతులున్న కుర్చీని గోడకు ఆనించి వేయండి. పక్కన ఒకరు నిలబడండి. లేచి నిలబడటం, నెమ్మదిగా కూర్చోవడం... ముందు ఐదుసార్లు చాలు. వారం తర్వాత పెంచుకుంటూ పోవచ్చు.