కంచ పోయింది, కంచె మిగిలింది

చెట్లను గురించి మాట్లాడటం మధ్యతరగతి విలాసమని మనవాళ్ళలో కొందరికి వొక అభిప్రాయం వున్నది. ఇల్లు లేనివాడికి ఇల్లు కావాలి, పని లేనివాడికి పని కావాలి, నెమళ్ళ గొడవ మనకెందుకు అని వారి వాదం. పైకి ఇది ప్రజాపక్షంగానే కనిపిస్తుంది. కాని ఈ వాదాన్ని వెంటబెట్టుకుని వొక్కసారి సైబరాబాదులో తిరిగివస్తే, ఇది ఎవరికి ఉపయోగపడుతున్నదో తెలిసిపోతుంది.

ఆమధ్య నా పూర్వవిద్యార్థి వొకతను గచ్చిబౌలి అవతల కొత్తగా లేచిన నివాస సముదాయంలో ఫ్లాటు కొని, చూసిపోవలసిందని నన్ను పిలిచాడు. అమ్మినవాళ్ళు అతనికిచ్చిన రంగుల పుస్తకం నిండా ప్రకృతి గురించే రాసివున్నది. లోపల నున్నగా కత్తిరించిన పచ్చిక, బారులు తీర్చిన విదేశీ చెట్లు. మధ్యలో వొకే వొక పాత వేపచెట్టు. దానిచుట్టూ రాతి అరుగు, కాపాడిన చెట్టు అని తెలియజేసే పలక. కాపాడనివి ఏమైనాయో ఆ పలకమీద లేదు. మేము బయటికి వచ్చేసరికి, పచ్చికకు నీళ్ళు పట్టే పాలమూరు ఆడమనిషి గేటు అవతల ఎండలో సద్దిమూట విప్పుకుంటున్నది. వేపకింద కూర్చోవచ్చు గదా అన్నాను.

“ఆడ కూసోనియ్యరు సారూ” అన్నది.

ఆ చెట్టును కాపాడినమాట నిజమే. దాని నీడను మాత్రం ఫ్లాటుతోపాటు అమ్మేశారు.

మన పల్లెల్లో కంచ అంటే పశువులు మేసే బీడు. అక్కడ తంగేడు, మోదుగ, రేగు, సీతాఫలం ఎవరూ నాటకుండానే పెరుగుతాయి. పొయ్యిలోకి పుల్లలూ, పిల్లలకు పండ్లూ, బతుకమ్మకు పువ్వూ అక్కడినుంచే వచ్చేవి. నగరం పడమరకు పాకినకొద్దీ కంచ పోయింది. గోడ అనే అర్థంలో కంచె మాత్రం మిగిలింది.

కంచ గచ్చిబౌలి కథ ఇదే. 1974లో వెలసిన హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని వున్న 400 ఎకరాలను 2004లో క్రీడల పేరుతో ప్రభుత్వం వొక ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టింది, 2006లో రద్దుచేసింది. కోర్టు తగాదా 2024లో తేలింది. భూమి చేతికి రాగానే దాన్ని ఐటీ కంపెనీలకు వేలంవేయ సంకల్పించారు. 2025 మార్చి 30, ఉగాది. సెలవులు చూసుకుని యంత్రాలు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు పట్టుకుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేనాటికి సుమారు 100 ఎకరాలు నేలమట్టమైనాయి.

రికార్డుల్లో అది అడవి కాదు గదా అన్నారు పాలకులు. అడవి అంటే నిఘంటువు చెప్పే అడవేననీ, యజమాని ఎవరన్నది ప్రశ్న కాదనీ 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో అదే సుప్రీంకోర్టు చెప్పింది. జింకలు, నెమళ్ళు రికార్డు చూసుకుని కాపురం పెట్టవు.

ఇక అభివృద్ధి మాట. పేదవాడి ఇంటికోసమే చెట్టు కూలుతున్నదంటే నేనూ ఆలోచిస్తాను. కాని 2023 ఆగస్టులో పక్కనే కోకాపేటలో ప్రభుత్వమే వేలంవేస్తే ఎకరం 100 కోట్లు దాటి పలికింది. ఆ ధరకు కొన్న భూమిలో మేస్త్రీకి ఇల్లు కడతారా? ఆ మేడలు కట్టే కూలీలు రేకుల షెడ్లలో వుంటున్నారు. మేడ పూర్తికాగానే ఆ షెడ్లూ లేచిపోతాయి. కనుక చెట్టుకూ కూలికీ మధ్య పోటీ పెట్టేవారు కూలి పక్షాన మాట్లాడటం లేదు. వేలంపాట పక్షాన మాట్లాడుతున్నారు.

వొకటి కొడితే పది నాటుతామని మరికొందరి ఊరడింపు. నాటినది నీడ ఇచ్చేందుకు ఏళ్ళు పడుతుంది. వానకు నీళ్ళు ఇంకించుకునే బీడు, రాళ్ళ సందున నిలిచే కుంట, వాటిని నమ్ముకున్న జీవాలు, ఇవి కుండీల్లో రావు. పైగా ఆ పది నాటేది ఎక్కడ? గోడ లోపల నాటితే అది తోట అవుతుంది, ఊరుమ్మడి కాదు.

కోర్టు ఆపింది గనుక మన పని అయిపోయిందనుకోవటం పొరపాటు. కోర్టు యంత్రాన్ని ఆపగలదు. భూమిని సరుకుగా చూసే విధానాన్ని మార్చలేదు. ప్రభుత్వ భూముల వేలం ఆగాలి. మిగిలిన కంచలూ కుంటలూ ఊరి ఉమ్మడి ఆస్తిగా చట్టంలోకి ఎక్కాలి. చెట్టు కొట్టేముందు దాని కింద బతికేవారిని అడగాలి. ఇవి మన కోరికల పట్టికలో కూలిరేటు పక్కనే వుండవలసినవి.

కంచ గచ్చిబౌలిలో విద్యార్థులు ముందు నడిచారు. ఉపాధ్యాయులమైన మనలో ఇంకా చాలామంది ఇది మన పోరాటమా కాదా అని చర్చించుకుంటున్నాము. ఆ పాలమూరు ఆడమనిషి మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటున్నదో వెళ్ళి చూస్తే, ఆ చర్చ త్వరగా ముగుస్తుంది.